సున్నా వడ్డీ నుంచి వెనక్కి నడవడం: జపాన్ గవర్నరుకు అంత నిదానం ఎందుకు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నాన్న రొయ్యలు వేస్తారు, నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాను. 2024 ఆగస్టు 5న నా షేర్లలో లక్ష పైన పోయింది. జపాన్ సెంట్రల్ బ్యాంకు గవర్నరు వడ్డీ పావు శాతానికి పెంచడమే కారణమన్నారు. అంత చిన్న పెంపుకు అంత గోల ఏంటి? మామూలు వడ్డీకి రావాలనుకుంటే ఒకేసారి పెంచేయకుండా ఏళ్ల తరబడి ఎందుకు సాగదీస్తున్నారు? దీంతో నాన్న రొయ్యలకు, నా హోమ్ లోనుకు ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం:

నేను ఆర్థికవేత్తను కాదు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైనవాణ్ని. అందులో నాలుగేళ్లు ముంబయిలో ట్రెజరీలో, అంటే బ్యాంకు పెట్టుబడులు చూసే విభాగంలో, బాండ్లు (అప్పు పత్రాలు) చూశాను. మిగతా సర్వీసంతా కావలి, కోవూరు, కందుకూరు, ఒంగోలు వైపు బ్రాంచీల్లోనే. కాబట్టి నా జవాబులో సిద్ధాంతం తక్కువగానూ కౌంటరు దగ్గర చూసింది ఎక్కువగానూ ఉంటుంది. కాస్త పొడుగు జవాబు, ఓపిక ఉంటేనే చదవండి.

మీ లక్ష రూపాయలు ఎలా పోయాయో ముందు చెప్తాను. టీవీలో దాన్ని యెన్ క్యారీ ట్రేడ్ అన్నారు. యెన్ అంటే జపాన్ డబ్బు, దాన్ని చౌక వడ్డీకి తెచ్చి ఎక్కువ వచ్చేచోట పెట్టడమన్నమాట. మన ఊళ్లలో ఆ పేరు లేదు గానీ ఆ పని ఎప్పటినుంచో ఉంది.

నేను ఒక పల్లె బ్రాంచిలో మేనేజరుగా ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి వచ్చేవాడు. పొలం ఉంది, పాస్‌బుక్కు ఉంది. ఇంట్లో ఆడవాళ్ల నగలన్నీ ఎర్ర గుడ్డలో మూటగట్టి తెచ్చి పంట రుణం కింద తాకట్టు పెట్టేవాడు. గడువులోపు కట్టేస్తే వడ్డీ రాయితీ పోను 4 శాతం పడేది. ఆ డబ్బు పొలంలో పెట్టేవాడు కాదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పేవాడు, అంటే ఏడాదికి 24 శాతం. కాలికి మట్టి అంటకుండా మధ్యలో 20 మిగిలేది. ఏడాది తిరిగాక అసలూ వడ్డీ కట్టి లోను తిరగరాసుకోవాలి. ఆ ఒక్కరోజు కోసం ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి పొద్దున కట్టి, సాయంత్రానికి కొత్త లోను తీసుకుని వెళ్లేవాడు. అలాంటివాళ్లు ఆ చుట్టుపక్కల ఒకళ్లు కాదు, కనీసం నలభై మంది. తప్పని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకూ తెలుసు.

2013 ఏప్రిల్‌లో బంగారం ధర ఉన్నట్టుండి పడింది. గ్రాముకు ఇచ్చే అప్పును మేము తగ్గించాం. మరీ ఎక్కువేం కాదు. కానీ తిరగరాసుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చేతి నుంచి కొంత వేసుకోవాల్సి వచ్చింది. ఆ కొంత కోసం ఊళ్లో తాము ఇచ్చిన బాకీలు వసూలుకు దిగారు, అందరూ ఒకే వారంలో. తీసుకున్నవాళ్లలో ఒకడు రొయ్యలు వేసినవాడు, గుంటలో పిల్లకు నలభై రోజులు. ఇంకొకడు ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్నవాడు. ఎక్కణ్ణుంచి తెస్తారు? ఉన్న గొడ్లను అమ్మారు, మేత కోసం దాచిన డబ్బు ఇచ్చేశారు, ఒకాయన రొయ్యను ఎదగకముందే పట్టేశాడు. బ్యాంకు కదిపింది చిన్న మేకు. దాని మీద ఎంత బరువు వేలాడుతోందో బ్యాంకు పుస్తకాల్లో ఎక్కడా కనపడదు.

2024 ఆగస్టు 5న జరిగింది ఇదే, ప్రపంచం సైజులో. జపాన్‌లో వడ్డీ ఇంచుమించు సున్నా కాబట్టి ప్రపంచమంతా ఫండ్‌లు యెన్‌లో అప్పు తీసుకుని, వాటిని డాలర్లుగా మార్చి, అమెరికా షేర్లు, బాండ్లు, ఎక్కువ వడ్డీ వచ్చే ఇతర దేశాల కరెన్సీలు కొనుక్కున్నాయి. యెన్ బలహీనపడుతున్నంత కాలం ఇంకో లాభం కూడా. తీర్చాల్సిన అసలు కూర్చున్నచోటే తగ్గుతుంది. ఆ ఏడాది జులై మొదట్లో డాలరుకు దాదాపు 162 యెన్‌లు. జులై 31న గవర్నరు కజువో ఉయెదా రేటును 0.25 శాతానికి పెంచారు, ముందు ముందు ఇంకా పెంచుతామని గట్టిగానే మాట్లాడారు. రెండు రోజులకు, ఆగస్టు 2న, అమెరికాలో ఉద్యోగాల లెక్కలు నీరసంగా వచ్చాయి. అక్కడ వడ్డీ తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది అనేసరికి యెన్ ఎగిరింది. డాలరు 142 యెన్‌లకు దిగింది. నెలరోజుల్లో అప్పు అసలు దాదాపు పద్నాలుగు శాతం పెరిగితే ఎవడు నిద్రపోతాడు? అందరూ ఒకేసారి అమ్మారు. సోమవారం ఒక్కరోజే టోక్యో నిక్కీ సూచీ 4,451 పాయింట్లు, అంటే 12.4 శాతం పడింది. 1987 తర్వాత ఒక్కరోజులో అంత పడడం అదే. మన సెన్సెక్స్ 2,222 పాయింట్లు. మీ లక్ష అందులోదే. మర్నాడు నిక్కీ 10 శాతం లేచింది కూడా. అమ్మకుండా ఆగి ఉంటే చాలావరకు తిరిగి వచ్చేది. అయిపోయినదానికి ఇప్పుడు అనుకుని లాభం లేదు లెండి.

కాబట్టి పావు శాతానికి అంత గోల కాదు. ఇరవై ఐదేళ్లుగా ఆ సున్నా మీద కట్టుకున్న మేడలకు గోల.

ఆ సున్నా ఎంత సున్నానో మనకు ఊహకు కూడా అందదు. జపాన్ పెద్ద బ్యాంకుల్లో సేవింగ్స్ ఖాతాకు 2024 మార్చి దాకా ఇచ్చిన వడ్డీ 0.001 శాతం. లక్ష యెన్‌లు ఏడాది దాచుకుంటే వచ్చేది ఒక్క యెన్. మా బ్రాంచిలో పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద పావు శాతం తగ్గితేనే నా టేబుల్ చుట్టూ చేరి సంజాయిషీ అడిగేవాళ్లు. అక్కడ ఒక తరం మొత్తం డిపాజిట్ వడ్డీ అనే మాటే మరిచిపోయి బతికింది.

అక్కడిదాకా ఎలా వెళ్లారంటే, 1980ల చివర్లో జపాన్‌లో భూములు, షేర్లు విపరీతంగా పెరిగాయి. 1989 డిసెంబరు చివర్లో నిక్కీ 38,915. ఆ బుడగ పగిలాక, మళ్లీ ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరిలో. లెక్కేసుకోండి, ముప్పై నాలుగేళ్లు, నేను ఉద్యోగం చేసినంత కాలం. ధరలు పెరగడం మానేశాయి, జీతాలూ మానేశాయి. రేపు ధర తగ్గుతుందనుకున్నవాడు ఇవాళ కొనడు, కొనకపోతే ధర ఇంకా తగ్గుతుంది. ఆ సుడిలోంచి లేపడానికి 1999లో వడ్డీని సున్నాకు దించారు. 2013లో గవర్నరుగా వచ్చిన హరుహికో కురోదా ఇంకా ముందుకెళ్లారు. ధరలు ఏటా 2 శాతం పెరిగేలా చేస్తామని ప్రకటించి ప్రభుత్వ బాండ్లు కుప్పలుగా కొన్నారు. 2016 మొదట్లో బ్యాంకులు సెంట్రల్ బ్యాంకు దగ్గర దాచుకునే డబ్బులో కొంతభాగం మీద మైనస్ 0.1 శాతం పెట్టారు, అంటే దాచుకున్నందుకు ఎదురు వడ్డీ. అదే ఏడాది సెప్టెంబరు నుంచి పదేళ్ల బాండు వడ్డీ సున్నా దగ్గరే ఉండేలా పట్టుకున్నారు. షేర్ మార్కెట్ ఫండ్‌లు కూడా సెంట్రల్ బ్యాంకే కొనిపెట్టింది. ట్రెజరీలో పనిచేసినవాడిగా చెప్తున్నా, మాకు అది వింటే నవ్వు, భయం రెండూ వచ్చేవి. చివరికి దేశంలోని ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం ఆ ఒక్క బ్యాంకు బీరువాలోకే చేరాయి.

2023 ఏప్రిల్‌లో ఉయెదా గవర్నరయ్యారు. ఆయన ప్రొఫెసరు. టోక్యో యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఆయన గతంలోనే ఉంది. 1998 నుంచి 2005 దాకా ఆయన ఆ బ్యాంకు పాలసీ బోర్డులో సభ్యుడు. 2000 ఆగస్టులో అప్పటి గవర్నరు, ఆర్థిక వ్యవస్థ కోలుకుంది, ఇక సున్నా అక్కర్లేదు అని 0.25కు పెంచితే, తొందరపడుతున్నారని వ్యతిరేకంగా ఓటేసిన ఇద్దరిలో ఉయెదా ఒకరు. ఆర్నెల్లు తిరక్కముందే వ్యవస్థ చతికిలపడింది. 2001 మార్చికల్లా మళ్లీ పాత చోటికే. తర్వాత 2006 జులైలో ఇంకోసారి ప్రయత్నించారు, 2007 ఫిబ్రవరికి 0.5 దాకా వచ్చారు. 2008లో ప్రపంచ సంక్షోభం వచ్చి మళ్లీ కిందికి దిగారు. రెండుసార్లు మెట్లెక్కి రెండుసార్లూ జారిన ఇల్లు అది. అందులో ఒకసారి "వద్దు, జారుతారు" అని చెప్పిన మనిషికే ఇప్పుడు ఎక్కించే బాధ్యత అప్పగించారు.

అందుకే ఆయన ఎదురుచూసింది ధరల కోసం కాదు. ధరలు 2022లోనే 2 శాతం దాటాయి, 2023 జనవరిలో 4 శాతం పైకి పోయాయి. అయినా ఆయన వచ్చీ రాగానే పెంచలేదు. ఆ పెరుగుదల పెట్రోలు, తిండిగింజల దిగుమతి వల్ల వచ్చింది, యెన్ పడిపోవడం వల్ల వచ్చింది. అలా వచ్చింది అలాగే పోవచ్చు. జీతాలు పెరిగితేనే అది నిలబడుతుంది. అక్కడ ఏటా వసంతంలో పెద్ద కంపెనీలు, కార్మిక సంఘాలు కూర్చుని జీతాలు తేల్చుకుంటాయి. 2024 మార్చి మధ్యలో మొదటి లెక్క వచ్చింది, సగటున 5 శాతం పైన, ముప్పై మూడేళ్లలో లేనంత. నాలుగు రోజులకు, మార్చి 19న, మైనస్ వడ్డీ ఎత్తేశారు. పదిహేడేళ్లలో మొదటి పెంపు అది. పెంచింది మైనస్ 0.1 నుంచి సున్నాకూ 0.1కూ మధ్యకు. అంతే.

"ఒకేసారి పెంచేయొచ్చు కదా" అన్నారు. మీ నాన్నగారిని అడగండి, నాకంటే బాగా చెప్తారు. హ్యాచరీ నుంచి పిల్ల వచ్చిన రాత్రి ఏం చేస్తారు? లోను ఇన్‌స్పెక్షన్ పేరుతో వెళ్లి ఒక రాత్రి నేను ఆ గట్టు మీదే ఉన్నాను. ఆక్సిజన్ నింపిన కవర్లు వ్యానులోంచి దించి, మూతి విప్పకుండానే గుంటలో తేలేశారు. నీళ్ల వేడి సమానం కావాలని. అరగంట తర్వాత ఒక్కో కవరు మూతి విప్పి గుంట నీళ్లు గ్లాసుతో కొంచెం పోయడం, ఆగడం, టార్చి వేసి పిల్ల కదలిక చూడడం, మళ్లీ కొంచెం పోయడం. హ్యాచరీ నీళ్లలో ఉప్పు ఎక్కువ, గుంటలో తక్కువ. నాకు నిద్ర ఆగక "ఎటూ ఆ నీళ్లలోనే బతకాలి కదయ్యా, పోసెయ్యరాదా" అన్నాను. ఆ రైతు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "బతకడానికి ఆ నీళ్లు మంచివే సార్. మారడమే దానికి చావు" అన్నాడు.

జపాన్‌లో ఆ పాత నీళ్లకు అలవాటు పడినవాళ్లు ఎవరంటే, ముందు ప్రభుత్వం. దాని అప్పు దేశం ఏడాది సంపాదనకు రెండింతలు దాటి ఉంది. వడ్డీ ఒక్క శాతం పెరిగినా, పాత బాండ్లు తీరి కొత్తవి వేసేకొద్దీ బడ్జెట్‌లో వడ్డీ పద్దు ఉబ్బుతూ పోతుంది. తర్వాత ఇల్లు కొన్నవాళ్లు. అక్కడ ఎక్కువమంది ఇంటి అప్పు ఫ్లోటింగ్ రేటు, అంటే మారుతుండే వడ్డీ మీదే. చాలా బ్యాంకుల్లో ఒక పద్ధతి ఉంది, రేటు పెరిగినా ఐదేళ్లదాకా కిస్తీ మార్చరు, మార్చినా పాత కిస్తీకి 125 శాతం దాటనివ్వరు. వినడానికి దయగా ఉంటుంది. కానీ కట్టని వడ్డీ ఎక్కడికీ పోదు, వెనకాల పేరుకుంటుంది. తర్వాత, చౌక అప్పుతో ఊపిరి పోసుకుంటున్న చిన్న కంపెనీలు. ఆ పైన, ఇందాక చెప్పిన ప్రపంచం మొత్తం క్యారీ ట్రేడ్ బ్యాచ్. వీళ్లందరి కవర్లలోనూ గ్లాసు గ్లాసుగా పోయాలి.

2024 జులైలో ఉయెదా పోసిన గ్లాసు పెద్దదేం కాదు. కానీ చెప్పకుండా పోశారు. చాలామంది ఆ నెల పెంపు ఉండదనుకున్నారు. ఆయన తప్పు అక్కడుందని నా అభిప్రాయం, కొందరు ఒప్పుకోకపోవచ్చు. మార్కెట్ కుప్పకూలిన రెండు రోజులకు డిప్యూటీ గవర్నరు ఉచిదా వచ్చి, మార్కెట్లు అల్లాడుతున్నప్పుడు పెంచం అని చెప్పి చల్లబరచాల్సి వచ్చింది. ఆ తర్వాత పద్ధతి మారింది. 2025 జనవరి 24న 0.5కు పెంచే ముందు పది రోజులకే ఇంకో డిప్యూటీ గవర్నరు, తర్వాత స్వయంగా ఉయెదా, ఈసారి సమావేశంలో పెంపు విషయం చర్చిస్తామని బహిరంగంగా చెప్పారు. పెంచితే ఎక్కడా చీమ చిటుక్కుమనలేదు. 2025 డిసెంబరులోనూ అంతే. ఒకటో తారీఖున నగోయాలో ప్రసంగంలో సూచన ఇచ్చారు, 19న 0.75కు పెంచారు. 1995 తర్వాత అంత ఎత్తు లేదు. వింత ఏంటంటే, పెంచిన రోజు యెన్ బలపడలేదు సరికదా ఇంకా పడింది. ముందే తెలిసిన వార్తకు మార్కెట్ అప్పటికే ధర కట్టేసుకుంది, పైగా తర్వాతి పెంపు ఎప్పుడో ఆయన మాటల్లో గట్టిగా దొరకలేదు.

మరి ఆయన ఎక్కడిదాకా వెళ్లాలి? మామూలు వడ్డీ అంటే ఎంత? ఆ బ్యాంకు లెక్కల్లోనే అది 1 శాతానికీ 2.5 శాతానికీ మధ్య ఎక్కడో ఉంది. అంత వెడల్పు ఉన్న గుమ్మాన్ని చీకట్లో వెతుక్కుంటూ వెళ్లాలన్నమాట. 2025 చివర్లో ధరలు 3 శాతం దగ్గర పెరుగుతుంటే 0.75 వడ్డీ అంటే దాచుకున్నవాడికి అప్పటికీ నష్టమే. అందుకే అక్కడ ఆయన్ని తిట్టేవాళ్లలో రెండు రకాలూ ఉన్నారు, ఎందుకు పెంచుతున్నావనేవాళ్లు, ఇంకా ఎందుకు పెంచలేదనేవాళ్లు.

రేటు ఒక్కటే కాదు, బీరువా కూడా ఖాళీ చేయాలి. నాకు ఆసక్తిగా అనిపించేది ఇదే, ఎందుకంటే పేపర్లలో దీని గురించి తక్కువ రాస్తారు. నెలకు దాదాపు 6 లక్షల కోట్ల యెన్‌ల బాండ్లు కొనేవాళ్లు. దాన్ని అంచెలంచెలుగా 2026 మొదటికి సగానికి తేవాలని 2024 జులైలోనే నిర్ణయించారు. అమ్మడం కాదు, కొనడం తగ్గించడం, పాతవి గడువు తీరి వాటంతటవే కరిగేలా చూడడం. షేర్ ఫండ్‌లకు గడువంటూ ఉండదు కాబట్టి వాటిని అమ్మాల్సిందే. 2025 సెప్టెంబరులో ఆ ప్లాను చెప్పారు. పుస్తకం ధర, అంటే కొన్న ధర ప్రకారం ఏడాదికి 33,000 కోట్ల యెన్‌ల చొప్పున అమ్ముతారట. ఆ లెక్కన మొత్తం అమ్మడానికి వందేళ్లు దాటుతుంది. నేను మొదట అచ్చుతప్పనుకుని మళ్లీ చదివాను. కావాలనే అలా పెట్టారు, మార్కెట్‌కు అసలు తెలియకూడదని.

మన దగ్గర జరిగినదాంతో పోలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మనకు రెండు అనుభవాలు ఉన్నాయి.

2008 సెప్టెంబరు 5న దువ్వూరి సుబ్బారావు గారు రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు. ఏలూరులో పుట్టిన మనిషి. ఆయనకు ముందు గవర్నరు మన పక్క కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి గారు. సుబ్బారావు గారు పదవిలోకి వచ్చిన పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. అప్పుడు మన రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 9 శాతం. ఏడు నెలల్లో 4.75కు దించారు. దించడానికి మెట్లు ఉన్నాయి కాబట్టి దించగలిగారు, అది గమనించండి. జపాన్ వాళ్లు మామూలుకు రావాలని తాపత్రయపడేది కూడా ఇందుకే. ఈసారి కష్టం వస్తే దిగడానికి కాళ్ల కింద మెట్టు ఉండాలి. తర్వాత సుబ్బారావు గారు వెనక్కి నడిపించిన తీరు చూడండి. 2010 జనవరిలో ముందు బ్యాంకుల నగదు నిల్వ నిష్పత్తి, అంటే డిపాజిట్లలో రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాల్సిన వాటా, పెంచారు. మార్చి 19న రెపో పావు శాతం. అలా చిన్న చిన్న అడుగులతో 2011 అక్టోబరు దాకా పదమూడు సార్లు పెంచి 8.5కు తెచ్చారు. బుడిబుడి అడుగులు అని పేపర్లు ఎగతాళి చేశాయి. ధరలు మాత్రం ఆగలేదు. బ్రాంచిలో మాకు నరకం. రెండు నెలలకోసారి రేటు మారేది, ఒక హైస్కూలు టీచరు గారు ప్రతిసారీ వచ్చి "ఇంకెంత కాలం పెరిగింది సార్?" అని లోను గడువు అడిగి చీటీ మీద రాసుకుని వెళ్లేవారు. పదిహేనేళ్ల లోను రిటైర్మెంటు దాటి పోయింది. పదవి దిగే ముందు, 2013 ఆగస్టు ప్రసంగంలో సుబ్బారావు గారే అన్నారు, ఇప్పుడు వెనక్కి చూస్తే ఇంకా ముందే మొదలుపెట్టి ఇంకా వేగంగా పెంచి ఉండాల్సిందని. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో అంత మాట బయటికి అన్నవాళ్లు తక్కువ.

రెండోది కోవిడ్ తర్వాత. 2020 మేలో అప్పటి గవర్నరు శక్తికాంత దాస్ గారు రెపోను 4 శాతానికి దించారు, రెండేళ్లు అక్కడే ఉంచారు. 2022 ఏప్రిల్‌లో ధరల పెరుగుదల 7.79 శాతం. మే 4న, మామూలు సమావేశం కూడా కాకుండానే, మధ్యాహ్నం టీవీలో కనపడి 0.40 పెంచారు. అక్కణ్ణుంచి పది నెలల్లో 6.5. మొత్తం రెండున్నర శాతం. ఇది గ్లాసు కాదు, బిందె. అయినా మన గుంట తట్టుకుంది, ఎందుకంటే మనం రెండేళ్లే ఆ నీళ్లలో ఉన్నాం, జపాన్ పాతికేళ్లు ఉంది. ఎంత కాలం అలవాటు పడ్డారో అంత నిదానం కావాలి. ఉయెదా నిదానాన్ని పిరికితనం అనేవాళ్లు ఈ ఒక్క తేడా మరిచిపోతారు.

తట్టుకుంది అన్నాను గానీ, హోమ్ లోనువాళ్లను అడిగితే వేరే చెప్తారు. మీ లోను సంగతి ఇక్కడే. 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టారు. అక్కడ పెరిగితే ఇక్కడ పెరుగుతుంది. ఉదాహరణకు 20 లక్షలు, ఇరవై ఏళ్లు, 6.5 శాతం మీద తీసుకుంటే కిస్తీ 14,911 రూపాయలు. రెండున్నర పెరిగి 9 శాతం అయ్యాక, లోను ఇంకా మొదట్లోనే ఉంటే, నెల వడ్డీయే 15,000. మీరు కట్టే కిస్తీ వడ్డీకే చాలదు! గడువు ఎంత పొడిగించినా అప్పు తీరదు, పెరుగుతుంది. కిస్తీ 17,995కు పెంచితే తప్ప ఇరవై ఏళ్లలో తీరదు. చాలామందికి ఇది మెసేజ్ రూపంలో కూడా సరిగ్గా చెప్పలేదు, నా మేనల్లుడికి స్టేట్‌మెంటు తీసి నేను చూపిస్తే తెలిసింది. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఇచ్చింది, రేటు మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెంగానా అన్నది అప్పు తీసుకున్నవాడినే అడగాలని.

2025లో మన రేటు ఉల్టా దిశలో నడిచింది. సంజయ్ మల్హోత్రా గారు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా వచ్చాక 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా 6.5 నుంచి 5.25కు తగ్గించారు. జపాన్ పెంచుతున్నందుకు మీ హోమ్ లోను పెరగదు. మన ధరలు, మన వానలు, మన రూపాయి చూసి మన గవర్నరు నిర్ణయిస్తారు. జపాన్ దెబ్బ మీకు తగిలేది షేర్లలోనే, అదీ అప్పుడప్పుడూ.

నాన్నగారి రొయ్యల విషయం. ఒకప్పుడు, టైగర్ రొయ్య రోజుల్లో, మన సరుకుకు పెద్ద గిరాకీ జపానే. 1990లలో గుంటలు తవ్వినవాళ్లకు ఇప్పటికీ ఆ మోజు పోలేదు. ఇప్పుడు మన వెనామీ రకం రొయ్యల్లో పెద్ద వాటా అమెరికాకు వెళ్తుంది, తర్వాత చైనా. జపాన్ వాటా చిన్నదే గానీ మంచి ధర ఇచ్చే బేరం. బేరం డాలర్లలో జరుగుతుంది, టోక్యోలో తినేవాడు యెన్‌లలో కడతాడు. డాలరు 110 యెన్‌లు ఉన్నప్పుడు కొన్న పెట్టె 160 అయ్యేసరికి, మన దగ్గర ధర ఒక్క రూపాయి పెరగకపోయినా, అతనికి దాదాపు 45 శాతం పెరిగినట్టు. అందుకే బేరం తెగ్గొడతాడు, లేదా తగ్గించి కొంటాడు. ఉయెదా మెట్లెక్కేకొద్దీ యెన్ నిలదొక్కుకుంటే ఆ బేరం మనకు మెరుగవుతుంది. కానీ గట్టు మీద ధరను 2025లో కుంగదీసింది యెన్ కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. జపాన్ వాడు కొనడం లేదని కొనుగోలుదారు చెప్పి ధర తగ్గిస్తే, అమెరికా సరుకుకు ఎంత ఇస్తున్నావో కూడా నాన్నగారిని అడగమనండి.

ఇక చేయాల్సినవి. మీ లోను, బ్యాంకు తానే లెక్కగట్టుకునే పాత బేస్ రేటు మీదో ఎంసీఎల్‌ఆర్ మీదో ఉందేమో స్టేట్‌మెంటులో చూడండి. ఉంటే రెపోకు మార్చమని అర్జీ పెట్టండి, కొంచెం ఫీజు పడుతుంది, అంతకు మించి మిగులుతుంది. రేటు తగ్గినప్పుడు కిస్తీ తగ్గించుకోకండి. పాత కిస్తీయే కడుతూ గడువు తగ్గించమని రాతపూర్వకంగా ఇవ్వండి. ఫిక్స్‌డ్‌కు మారడం ఇప్పుడు నేనైతే చేయను. వాళ్లు అడిగే ఒకటిన్నర, రెండు శాతం అదనం, భయానికి కట్టే ప్రీమియం. అప్పు తీసుకుని షేర్లు కొనే అలవాటు మీకుంటే మాత్రం, ఆ ఆగస్టు 5 సోమవారం పొద్దున మీ ఫోన్‌లో కనపడిన అంకెను ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. ఆ నగల మూట పెద్దమనిషి మళ్లీ వచ్చాడా అని మా స్టాఫ్ అడుగుతుంటారు. వచ్చాడు, మరుసటి ఏడాది మార్చిలో. ఈసారి మూట చిన్నది.